భృత్యుని భయము

పితృతిథులు ఆదివారమునకు జరుగుతున్నవి. భద్రాచలం, పాల్వంచ, మణుగూరు పరిసరములలో పౌరోహిత్యం చేసే వారిని ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. తండ్రి గతించినది కృష్ణ దశమి. ఆ దశమి ఈ సంవత్సరం బుధవారం వచ్చినది. కుమారుడు ముందురోజు సాయంకాలం ఫోను చేసి, గొంతు తగ్గించి, "అయ్యగారూ, బుధవారం సెలవు అడగలేను, ఆదివారం పెట్టుకుందామా?" అంటాడు. అడిగితే ఇవ్వరని కాదు అతని సంకోచం. సెలవు అడిగినవాడుగా పైవారి మనస్సులో గుర్తుండిపోతానేమో, రేపు పదిమందిని తీసివేసే జాబితా వ్రాసేటప్పుడు ఆ గుర్తు పనిచేస్తుందేమో అని. తిథి తప్పినందుకు పితరులు అలిగినా సర్దిచెప్పుకోవచ్చును, మేనేజరు అలిగితే సర్దిచెప్పుకోలేమని అతని నిశ్చయం.

దీనిని కలికాల లక్షణమని నిందించి ఊరుకోవడం సులభం. కానీ ఈ ప్రాంతపు మనిషి భయానికి ఆధారం లేకపోలేదు. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు త్రవ్వకం మొదలైనప్పటి నుండి ఈ అడవి అంచున అన్నము, ఉద్యోగము అనే రెండు మాటలు ఒక్కటైపోయినవి. 1990 దశకం ఆరంభంలో సింగరేణి కార్మికుల సంఖ్య లక్ష దాటి ఉండేది. స్వచ్ఛంద విరమణలు, యంత్రములు, ఓపెన్ కాస్టు గనులు వచ్చి ఆ సంఖ్య సగాని కంటె తగ్గిపోయినది. తండ్రి ఉద్యోగం కుమారునికి వస్తుందా రాదా అన్న ప్రశ్న మీద కొత్తగూడెంలో ఎన్ని వివాహములు కుదిరినవో, ఎన్ని చెడినవో! 2024 ఆగస్టులో పాల్వంచ పాత విద్యుత్కేంద్రపు ఎనిమిది శీతలీకరణ గోపురములను క్షణాలలో నేలకూల్చినప్పుడు చూడవచ్చిన వారిలో కన్నీరు పెట్టుకున్న విశ్రాంత ఉద్యోగులు ఉన్నారు. 2019 అక్టోబరులో ఆర్టీసీ సమ్మె సాగినప్పుడు దాదాపు 48 వేల మంది తమ ఉద్యోగములను తామే పోగొట్టుకున్నట్లు ప్రభుత్వం ప్రకటించినది. ఖమ్మంలో ఒక డ్రైవరు ఆత్మాహుతి చేసుకొని మరునాడు హైదరాబాదు ఆసుపత్రిలో మరణించాడు. 52 దినముల తరువాత సమ్మె ముగిసినది, మిగిలినవారు విధులలో చేరారు. ఆ ఒక్కడు చేరలేదు. కనుక "భయపడకు నాయనా" అని తీర్థం ఇచ్చి పంపేవారు ఆ మాట ఎంత బరువైనదో తెలిసి అనవలసి ఉన్నది.

భయం గురించి శ్రుతి చెప్పిన మాటలు కూడా మనం అనుకున్నంత సులభమైనవి కావు. కఠోపనిషత్తు పరతత్త్వమును ఎత్తిన వజ్రాయుధంతో పోల్చినది. దాని భయం చేతనే అగ్ని తపిస్తున్నాడు, సూర్యుడు తపిస్తున్నాడు, ఇంద్రుడు, వాయువు, మృత్యువు తమ తమ పనులకు పరుగెడుతున్నారు అన్నది. అక్కడ శంకర భగవత్పాదులు ఇచ్చిన ఉపమానం సరిగ్గా ఉద్యోగులది. ఎదురుగా వజ్రం ఎత్తి నిలిచిన ప్రభువును చూచి భృత్యులు నియమం తప్పక ఆజ్ఞలో వర్తించినట్లు, ఈ జగత్తంతా క్షణమైనా విశ్రాంతి లేక వర్తిస్తున్నదని భావం. దీనిని చదివిన ఒక కర్మాగారాధికారి, "చూశారా, భయం లేనిదే సూర్యుడు కూడా ఉదయించడు, ఇక మా కూలీలెంత?" అని నవ్వవచ్చును. నిజంగా అటువంటి నవ్వు నవ్వినవారు ఉన్నారు.

అయితే ఆ మంత్రమును నిదానంగా చూడవలెను. ఆ భయం వలన సూర్యుడు ఏమి చేస్తున్నాడు? ప్రకాశిస్తున్నాడు. అగ్ని ఏమి చేస్తున్నాడు? దహిస్తున్నాడు. ఏది వారి స్వభావమో దానిలోనే ఆ భయం వారిని నిలుపుతున్నది. దానికి నియతి అని పేరు. ఉద్యోగం పోతుందన్న భయం మనిషిని చేసే పని దీనికి తలక్రిందులు. లెక్క వ్రాయవలసినవాని చేత తప్పు లెక్క వ్రాయిస్తుంది. సత్యం పలుకవలసిన నాలుకను తాళం వేసి ఉంచుతుంది. సాయంకాలం ఆరింటికి పని ముగిసినా, పైవాడు లేవలేదు కనుక తొమ్మిదింటి వరకు ఖాళీ కాగితాల ముందు కూర్చోబెడుతుంది. ప్రక్కవానికి పని నేర్పితే తన అవసరం తీరిపోతుందని విద్యను దాపిస్తుంది. బృహదారణ్యకం రెండవది ఉన్నదనుకున్నప్పుడే భయం పుడుతుందని చెప్పినది. కార్యాలయంలో ఆ రెండవది ప్రక్క కుర్చీలో కూర్చున్న స్నేహితుడే అవుతాడు.

ఈ దశలో పర్ణశాల స్మరణకు రాక తప్పదు. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న ఆ క్షేత్రంలోనే మాయలేడి సంచరించినదని స్థలపురాణ విశ్వాసం. వచ్చిన యాత్రికులు సీతమ్మ నారచీరల గుర్తులు చూస్తారు, రావణుని రథపు జాడ చూస్తారు. మారీచుని గురించి ఒక్క నిమిషం ఆగి ఆలోచించేవారు తక్కువ. వానిని మోసగాడుగా మాత్రమే తలచుకుంటాము. వాల్మీకి చూపిన మారీచుడు అంతకంటె దయనీయుడు.

అతడు విశ్వామిత్ర యాగం నాడు రాముని బాణం దెబ్బకు నూరు యోజనాలు ఎగిరి సముద్రంలో పడినవాడు. తరువాత రకారంతో మొదలయ్యే మాట విన్నా, రత్నమన్నా, రథమన్నా, ఒళ్ళు కంపించేదని తానే చెప్పుకున్నాడు. హింస మాని, జటలు కట్టి, తపస్సు చేసుకుంటున్నాడు. అటువంటివాని ఆశ్రమానికి ప్రభువు వచ్చి లేడిగా మారమన్నాడు. మారీచుడు వెంటనే తల ఊపలేదు. ప్రియం పలికేవారు సులభంగా దొరుకుతారనీ, అప్రియమైన హితం చెప్పేవాడూ వినేవాడూ దుర్లభులనీ మొగం మీదనే అన్నాడు. నీ తప్పుత్రోవను అడ్డుకోని నీ మంత్రులు వధార్హులని కూడా అన్నాడు. ఏ ఉద్యోగి అయినా అంతకంటె స్పష్టంగా చెప్పలేడు. రావణుడు రెండే మాటలు చెప్పాడు. చేస్తే అర్ధరాజ్యం. చేయకపోతే ఇక్కడే, ఇప్పుడే చంపుతాను. రాముని దగ్గర నీ ప్రాణం సందేహం, నా దగ్గర మరణం నిశ్చయం అని లెక్క కూడా తానే కట్టి ఇచ్చాడు. మారీచుడు రథం ఎక్కాడు.

తెలిసి ఎక్కాడు, చెప్పి ఎక్కాడు, అయినా ఎక్కాడు. తన అభ్యంతరం దస్త్రంలో నమోదు చేసి ఆపైన సంతకం చేసే ఉద్యోగులకు ఆదిపురుషుడు మారీచుడే. "నేను వద్దని చెప్పాను కదా" అన్న తృప్తి వారికి మిగులుతుంది. సీతమ్మకు దానివలన ఏమీ మిగలలేదు.

యుద్ధకాండలో శుకసారణుల కథ దీనికి మరొక ప్రక్క. రావణుడు పంపగా వానరవేషంలో వచ్చి, విభీషణునికి చిక్కి, రాముని దయవలన బయటపడి, తిరిగి వెళ్ళి, చూసినది చూసినట్లు చెప్పారు. శత్రుబలం ఇంత అని నిజం నివేదించడమే వారి ఉద్యోగధర్మం. దానికి ప్రతిఫలంగా రావణుడు, పోషించే రాజు ముందు అప్రియం పలుకుతారా, పూర్వం చేసిన ఉపకారాలు తలచి ప్రాణం తీయడం లేదు, నా కంట పడకండని వెళ్ళగొట్టాడు. ఉద్యోగం పోయిన ఆ ఇద్దరూ సిగ్గుతో, రావణునికి జయమని పలికి మరీ వెళ్ళారు. జీతం ఇక రాదు, అయినా జయధ్వని అలవాటు తప్పలేదు! ఆ తరువాత రావణుడు శార్దూలాది చారులను పంపాడు. అటుపైన ఆ కొలువులో నోరు తెరిచేవారు శుకసారణులను గుర్తు చేసుకోకుండా తెరిచి ఉండరు.

ఇక ఈ నేల మీద నిజంగా ఉద్యోగం చేసి, దానిని పోగొట్టుకొని, చెరసాల పాలైన మహనీయుడు ఉన్నాడు. నేలకొండపల్లి వాడు కంచెర్ల గోపన్న. గోల్కొండ కొలువులో అక్కన్న మాదన్నల మేనల్లుడుగా, అబుల్ హసన్ తానీషా కాలంలో, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తు ధనం వెచ్చించి భద్రగిరి మీద ఆలయం కట్టించాడు, ఆభరణములు చేయించాడు. పన్నెండేళ్ళు గోల్కొండలో బందీ అయ్యాడని, ఆరు లక్షల పైకము రామలక్ష్మణులే వచ్చి చెల్లించారని సంప్రదాయం.

భక్తులకు కొంచెం కటువుగా తోచినా ఒక మాట చెప్పవలెను. సుల్తాను దృష్టిలో ఇది ధర్మబద్ధమైన శిక్షయే. ప్రభుధనం అనుమతి లేక ఖర్చు చేసిన అధికారిని ఏ ప్రభుత్వమూ విడిచిపెట్టదు. నేటి ఆడిట్ వారు అంతకంటె మృదువుగా ఏమీ వ్రాయరు. గోపన్న గొప్పతనం ఆ నేరం లేకపోవడంలో లేదు. చేసిన పనిని ఇతరుల మీదకు నెట్టకపోవడంలో ఉన్నది. క్రింది కరణము మీద, వసూలు బంట్రోతు మీద, మేనమామల పలుకుబడి మీద అతడు భారం వేసినట్లు ఏ కథలోనూ లేదు.

మరి అతనికి భయం లేదా? కీర్తనలు చదివినవారికి ఆ భ్రమ ఉండదు. ఒక ప్రసిద్ధ కీర్తనలో అతడు భరతునికి చేయించిన పతకము, శత్రుఘ్నునికి చేయించిన మొలత్రాడు, లక్ష్మణునికి ముత్యాల పతకము, సీతమ్మకు చింతాకు పతకము, స్వామికి కలికితురాయి అంటూ ఒక్కొక్కటి పేరు చెప్పి ఏకరువు పెట్టాడు. తహసీల్దారు వేళ్ళు లెక్క మరువలేదు. సుల్తానుకు ఇవ్వవలసిన జమాఖర్చును స్వామికి సమర్పించాడు. ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. ఆ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టినానయ్యా అని క్షమాపణ వేడాడు. వణికినవాడే, ఏడ్చినవాడే. అయినా ఆ వణుకుతో తప్పు కాగితం మీద సంతకం చేయలేదు. భగవద్గీత పదహారవ అధ్యాయం దైవీసంపదలలో అభయమును మొట్టమొదట నిలిపినది. ఆ అభయం అంటే గుండె కొట్టుకోకపోవడం అని అర్థం చేసుకుంటే గోపన్నకు అది లేదనే చెప్పవలసి వస్తుంది.

ఇతరుల భయమును గురించి ఇంత వ్రాస్తూ అర్చకుల మాట దాటవేయడం న్యాయం కాదు. 1987లో దేవాదాయ చట్టం వంశపారంపర్యార్చకత్వమును రద్దు చేసినది. 1996లో సర్వోన్నత న్యాయస్థానం దానిని సమర్థించినది. 2007లో సవరణ వచ్చినది. ఈ ఇరవై ఏండ్లలో స్వామికి దాసుడనని చెప్పుకునే కుటుంబాలు ఎవరికి ఉద్యోగులమో తెలియని స్థితికి వచ్చినవి. ధూపదీపనైవేద్య పథకం క్రింద ఇచ్చే భృతి తెలంగాణలో 2023లో నెలకు 6,000 నుండి 10,000 రూపాయలకు పెరిగినది. పెరిగినందుకు సంతోషమే. ఆ పది వేలు ఆగిపోతాయన్న భయంతో, గర్భాలయం ముందు ముఖ్యుల ఫోటోలకు నిలువలేక నైవేద్యవేళ దాటిపోతున్నా నోరు విప్పని అర్చకులు ఉన్నారు. శఠారి ఎవరి తల మీద మొదట పెట్టవలెనన్న దగ్గర కూడా ఈ భయమే చేతిని నడిపిస్తున్నది.

అడవి అంచు గ్రామంలో అటువంటి ఒక చిన్న రామాలయం. అందులో డెబ్బై దాటిన అర్చకస్వామి. ప్రతి శనివారం ఉదయం అక్కడికి ఒక టైం కీపర్ వచ్చేవాడు. ఒక గుత్తేదారు దగ్గర మస్టరు వ్రాసే ఉద్యోగం, నెలకు పద్దెనిమిది వేలు. అర్చనకు మొదట తన పేరు కాదు, మేనేజరు పేరు చెప్పేవాడు. గోత్రం తెలియదనేవాడు. అర్చకస్వామి కాశ్యప గోత్రం అని చెప్పి చేసేవారు. ఒక వర్షాకాలం తరువాత అతడు తీర్థం పుచ్చుకోవడం మానేశాడు. ప్రదక్షిణలు చేసి, గడప దగ్గర నిలబడి, హారతి చూసి వెళ్ళేవాడు. మూడు వారాలు చూసి స్వామి అడిగారు.

"ఏమి నాయనా, చేయి చాపడం లేదు?"

"ఈ చేత్తో తీసుకోలేను స్వామీ."

కథ చిన్నది. ఒక రాత్రి ఎనిమిదింటికి లారీ మీద పట్టా కడుతూ గూడెం కుర్రవాడు ఒకడు జారి పడ్డాడు. నడుము విరిగినది. పనివేళలో, పని వలన దెబ్బ తగిలితే చట్టం ప్రకారం పరిహారం ఇవ్వవలెను. కాబట్టి మరునాడు ఉదయం మస్టరులో అతడు సాయంకాలం ఆరింటికే వెళ్ళిపోయినట్లు వ్రాయమన్నారు. టైం కీపర్ వ్రాశాడు. ఎవరూ బెదిరించలేదట. మేనేజరు, "ఏప్రిల్‌లో నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉన్నది కదా" అని మాత్రం అన్నాడట, టీ త్రాగుతూ. ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే కుమార్తె, మందుల మీద ఉన్న తల్లి. కలం కదిలింది.

తరువాత నాలుగు నెలలు అతడు తెలియని పేరుతో ఆ గూడేనికి నెలకు రెండు వేలు పంపాడు. అది చెప్పి, ప్రాయశ్చిత్తం అవుతుందా అని అడిగాడు. అర్చకస్వామి వెంటనే బదులు చెప్పలేదు. వత్తి సరిచేసి, "ప్రాయశ్చిత్తానికి ముందు సంకల్పం చెప్పాలి నాయనా. ఫలానావాడనైన నేను, ఫలానా తప్పు చేసి, అని. నీవు పేరు దాచావు కదా" అన్నారు. అతడు కోపంతో లేచి వెళ్ళిపోయాడు. రెండు నెలలు రాలేదు.

వచ్చినప్పుడు కార్మికశాఖ అధికారికి వ్రాసిన కాగితం నకలు చేతిలో ఉన్నది. అందులో తన చేతివ్రాతను తానే తప్పని ఒప్పుకున్నాడు. ధైర్యం వచ్చి వ్రాయలేదని నిజాయితీగా చెప్పాడు. గూడేనికి వెళ్ళాడట. మంచం మీద ఉన్న కుర్రవాడు తిట్టలేదు. "సారూ, మీరు రాసినదాన్ని బట్టి ఆ రాత్రి నేను అక్కడ లేను. మరి పడింది ఎవరు సారూ?" అని నిజంగానే తెలుసుకోవాలన్నట్లు అడిగాడట. ఆ ప్రశ్నతో నిద్ర పోయిందని, భయం మాత్రం పోలేదని అన్నాడు. ఆ రోజు తీర్థం పుచ్చుకున్నాడు. చేయి వణికి సగం నేలపాలైనది. స్వామి మరల పోశారు.

ఏప్రిల్‌లో కాంట్రాక్టు పునరుద్ధరించలేదు. భార్య చాలా దినములు మాట్లాడలేదు. ఆమెను తప్పుపట్టడానికి కారణం కనబడదు. గోపన్న కథ చెప్పేటప్పుడు కూడా అతని ఇల్లాలు ఆ పన్నెండేళ్ళు ఏమి తిన్నదని ఎవరూ చెప్పరు. పరిహారం వ్యవహారం ఇంకా విచారణలోనే ఉన్నది, వాయిదాలు పడుతున్నవి. కుర్రవాని తల్లి ఇప్పటికీ ఇతనిని చూస్తే మొగం త్రిప్పుకుంటుంది. పాల్వంచలో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో పదకొండు వేలకు లెక్కలు వ్రాస్తున్నాడు. అర్చనకు తన పేరు, తన గోత్రం చెబుతున్నాడు.

ఈ సంవత్సరం తండ్రి తద్దినం తిథినాడే పెట్టాడు. దుకాణం యజమానిని సెలవు అడగడానికి మూడు రోజులు పట్టినదట. పిండప్రదానం మధ్యలో జేబులో ఫోను మోగినది. పవిత్రం వేలికి ఉండగానే అతడు దిగ్గున లేచి నిలబడ్డాడు. పురోహితుడు చేయి పట్టుకొని కూర్చోబెట్టి, విడిచిన మంత్రం మరల మొదటి నుండి చెప్పించారు.